పాత కాగితము, పసి చేతులు: పిల్లలచే జంతువుల ముఖపు తొడుగులు

గ్రామమున ఏ యింట వెదకినను పాత కాగితము కొంత దొరకును. చదివి పడవైచిన వార్తాపత్రిక, పెండ్లి శుభలేఖ, నిరుటి క్యాలెండరు, దుకాణమునుండి వచ్చిన అట్టపెట్టె, పిల్లలు వ్రాసి ముగించిన నోటుపుస్తకము, ఇవన్నియు కొంతకాలము అటకమీద నుండి, తుదకు పొయ్యిలోనికో చెత్తకుప్పకో చేరును. అదే గ్రామమున అంగన్‌వాడీలోను ప్రాథమిక పాఠశాలలోను పసివారు చేతులకు తగిన పనిలేక గంటలకొలది చేతులు కట్టుకొని కూర్చుండుట మనము చూచుచునే యున్నాము. ఈ రెంటిని ఒకచోట చేర్చుటకు పెద్ద ధనము అక్కరలేదు. గ్రామపెద్దల శ్రద్ధ చాలును. ఆ శ్రద్ధను కోరియే మేము ఈ విషయమును పంచాయతీ సభ్యుల ముందుంచుచున్నాము.

కాగితముతో బొమ్మలు చేయించుట పంతులుగారి పని కదా, పంచాయతీకి దానితో నేమి యని కొందరడుగవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. ఏనుగు, పులి, ఎద్దు, హంస మొదలగు వాని ముఖములను పిల్లలు తమ చేతులతో తామే చేసి, తొడిగికొని ఆడుట కేవలము వినోదము కాదనియు, చిత్తూరు, తిరుపతి జిల్లాలలోని అడవి అంచు గ్రామములకు అది ప్రాణరక్షణకు సంబంధించిన చదువు కూడ కాగలదనియు ఈ వ్యాసమును తుదివరకు చదివినచో సభ్యులకు బోధపడును.

మన సీమకు ఇది క్రొత్త కాదు

ముఖమును మార్చుకొని మరియొకరుగా నిలుచుట మన ప్రాంతమున తరతరములుగా నున్న ఆచారము. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ప్రతి సంవత్సరము మే నెలలో జరుగును. చాటింపుతో మొదలై వారము దినములు సాగు ఆ జాతరలో బైరాగి వేషము, బండ వేషము, తోటి వేషము, దొర వేషము, మాతంగి వేషము, సున్నపు కుండలు అని దినమునకొక వేషము నడచును. బైరాగికి తెల్లని నామపు సుద్ద, బండకు కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు చందనము పూసికొందురు. పెద్దలతోపాటు చిన్నపిల్లలును మ్రొక్కు తీర్చుకొనుటకు ఈ వేషములు ధరింతురు. తుదిదినమున గుడి ముందర మట్టితో అమ్మవారి విశ్వరూపమును నిలిపి, తెల్లవారుజామున దానిని తొలగించుటతో జాతర ముగియును.

జంతువుల రూపములకును మనకు కొదువలేదు. తిరుమల బ్రహ్మోత్సవములలో శేషుడు, హంస, సింహము, గరుడుడు, ఏనుగు, గుఱ్ఱము స్వామివారికి వాహనములు. శ్రీకాళహస్తి యను పేరే మూడు ప్రాణులనుండి వచ్చినది. శ్రీ యనగా సాలెపురుగు, కాళమనగా పాము, హస్తి యనగా ఏనుగు. కనుమనాడు చంద్రగిరి ప్రాంతములోని రంగంపేట మొదలగు గ్రామములలో ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, బొమ్మలు వేసిన పలకలు కట్టి విడుతురు. దసరాకును పీర్ల పండుగకును పులివేషములు వీధులలో ఆడుట మన తెలుగునాట నందరెరిగినదే. కావున పిల్లవాని చేతికి అట్టముక్క నిచ్చి ఏనుగును చేయుమనినచో వాడు దిక్కులు చూడడు. వానికి ఏనుగు తెలియును.

ఒక్క విషయమున జాగ్రత్త వహింపవలెను. జాతర వేషములు మ్రొక్కులు. అవి ఆటవస్తువులు కావు. మాతంగి మొదలగు దేవతారూపములను పాఠశాలలో వినోదమునకై చేయింపరాదు. జంతువులు, పక్షులు చాలును.

బిడ్డకు కలుగు మేలు

కత్తెరతో గీతవెంట కత్తిరించుట, జిగురు పలుచగా పూయుట, మడత సరిగా పెట్టుట, ఇవి వ్రేళ్ళకు వచ్చినపిమ్మట పలకమీద అక్షరము తిన్నగా నిలుచును. కాగితమును మధ్యకు మడిచి సగము ముఖము గీసి కత్తిరించి విప్పినచో రెండు ప్రక్కలు సమానముగా వచ్చును. లెక్కల పుస్తకములో సౌష్ఠవమని చెప్పు పాఠము ఇదియే. సాలెపురుగునకు ఎనిమిది కాళ్ళు అంటింపవలెనన్నచో పిల్లవాడు ఎనిమిది లెక్కింపవలెను. చీమకు ఆరు కాళ్ళే యని అప్పుడే చెప్పవచ్చును.

అన్నిటికంటె గొప్ప లాభము మాటకు కలుగును. నలుగురిలో నోరు విప్పని బిడ్డ ముఖమునకు తొడుగు వచ్చినతోడనే మాటాడసాగును. మాటాడునది తాను కాదు, ఎలుగుబంటి యనుకొనును. ఇంట తమిళమో కన్నడమో ఉర్దూయో మాటాడు పిల్లలు మన సరిహద్దు గ్రామములలో ననేకులు. పాఠపు తెలుగునకు జంకు ఆ పిల్లలకు ఆటలో వచ్చు తెలుగు సులభమగును. ఏ వాడ పిల్లలైనను ఒకే జిగురు గిన్నెలో వ్రేళ్ళు ముంచి పనిచేయుటవలన కలుగు స్నేహమునకు వేరుగా బోధ అక్కరలేదు.

2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వరకు గల వయస్సును పునాది దశగా నిర్ణయించి, ఆ దశలో చదువు ఆటలద్వారా సాగవలెనని చెప్పినది. 2023 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ఆ వయస్సు పిల్లలకొరకు జాదూయీ పిటారా యను పేర బొమ్మలు, తోలుబొమ్మల వంటి ఆటబొమ్మలు, చిత్రపటములు గల పెట్టెను వెలువరించినది. పెట్టె వచ్చువరకు వేచియుండ పనిలేదు. పాత కాగితముతో నట్టి పెట్టెను గ్రామమే కూర్చుకొనవచ్చును.

మొదటి పద్ధతి: అట్టతో చేయునది

అయిదేండ్ల లోపు పిల్లలకు ముఖమును కప్పు తొడుగు పనికిరాదు. వారికి తలపట్టీయే మేలు. రెండంగుళముల వెడల్పు గల అట్టపట్టీని తలచుట్టు కొలిచి అంటించి, దాని ముందర జంతువు ముఖమును నుదుటిమీదికి వచ్చునట్లు అతికింపవలెను. బిడ్డ కన్నులు, ముక్కు, నోరు తెరపిగానే యుండును.

అయిదేండ్లు దాటినవారికి నోటికి పైవరకే వచ్చు సగము తొడుగు చేయవచ్చును. చెవినుండి చెవికి దారముతో కొలిచి, అంత వెడల్పు గల అట్టను మధ్యకు మడిచి గీయవలెను. కన్నుల స్థానము తెలియుటకు అట్టను బిడ్డ ముఖమునకు ఆనించి పైనుండి సుద్దముక్కతో గుర్తు పెట్టి, పిదప ముఖమునుండి తీసి, బల్లమీద పెట్టి రంధ్రములు కోయవలెను. ముఖముమీద నుండగా కత్తెర ఆడింపనే కూడదు. రంధ్రము రూపాయి నాణెమునకంటె చిన్నదిగా నుండరాదు. తలవెనుకకు గుడ్డపట్టీ గాని సాగెడు రబ్బరు నాడా గాని కట్టవలెను. మెడచుట్టు త్రాడు కట్టుట ప్రమాదము. తొడుగుతో పరుగెత్తుట, మెట్లెక్కుట, పొయ్యి దీపముల వద్దకు పోవుట, కట్టివేసిన ఎద్దుల ముందు నిలుచుట మాన్పవలెను.

ఏనుగునకు చేటంత చెవులు వేరుగా కోసి అంటించి, పొడవైన కాగితపు పట్టీని విసనకఱ్ఱవలె ముడుతలు పెట్టి తొండముగా వ్రేలాడదీయవలెను. పెద్దపులికి బొగ్గుతో చారలు గీయవలెను. చిరుతకు మచ్చలు పెట్టవలెను. ఈ భేదము పిల్లలకు ఆ పూటతోనే స్థిరపడును. గుండ్రని కాగితమును అంచునుండి నడిమివరకు చుట్లుగా కత్తిరించినచో పాము వచ్చును. దానిని దారముతో వేలాడదీసినచో చిన్నగాలికే తిరుగుచుండును.

రెండవ పద్ధతి: కాగితపు గుజ్జుతో చేయునది

ఎనిమిదేండ్లు దాటిన పిల్లలు ఎక్కువకాలము నిలుచు తొడుగులను చేయగలరు. ఈ విద్య మన ముసలమ్మలకు తెలిసినదే. వెనుక పాత కాగితములను నానబెట్టి, మెంతులతో చేర్చి రుబ్బి, ఆ గుజ్జును చేటలకు తట్టలకు పూయుట ఇంటింట నుండెడిది. పూత ఆరి గట్టిపడి, చేటలోని సందులన్నియు మూసికొనెడివి. ఆ అవ్వలను పాఠశాలకు పిలిచి పీట వేసి కూర్చుండబెట్టినచో అంతకు మించిన శిక్షకులు దొరకరు.

జిగురునకు మైదాపిండి చాలును. ఒక గిన్నెడు పిండిని ఒక గిన్నెడు చన్నీటిలో ఉండలు లేకుండ కలిపి, దానిని నాలుగు గిన్నెల మరుగుచున్న నీటిలో పోయుచు, పలుచని గంజివలె నిగనిగలాడువరకు గరిటెతో తిప్పవలెను. పొయ్యివద్ద పని పెద్దలదే. చింతచెట్లు నిండుగా గల మన జిల్లాలలో చింతగింజల జిగురు ఇంకను మేలు. గింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి ఉడికించినచో గట్టి జిగురగును. కృష్ణాతీరమున కొండపల్లి బొమ్మల పనివారు తెల్లపొణికి కొయ్య ముక్కలను అతుకుటకు వాడు మక్కు కూడ చింతగింజల పిండితో రంపపుపొట్టు కలిపి చేయునదే.

బోర్లించిన కుండమీద గాని, తడిమట్టితో గుట్టగా చేసిన ముఖముమీద గాని మొదట తడిపిన కాగితమును జిగురులేకుండ పరువవలెను. ఇది పిదప అచ్చు ఊడివచ్చుటకై చేయు ఏర్పాటు. దానిమీద రెండు వ్రేళ్ళ వెడల్పు కాగితపు ముక్కలను జిగురులో ముంచి, ఒక వరుస అడ్డముగా, మరియొక వరుస నిలువుగా, అయిదారు పొరలు వేయవలెను. ముక్కు, చెంపలు, కనుబొమలు గుజ్జుతో తీర్చవలెను. నీడను రెండుమూడు దినములు ఆరనిచ్చి, మెల్లగా ఊడదీసి, అంచులు కత్తిరింపవలెను.

ఈ పనితో బ్రతుకు గ్రామములును మన దేశమున కలవు. పశ్చిమ బెంగాలులోని పురూలియా జిల్లాలో చరిద యను గ్రామమున కళాకారులు మట్టి అచ్చుమీద కాగితపు పొరలు వేసి, దానిపై గుడ్డ, మట్టి పూసి, ఛౌ నృత్యమునకు ముఖపు తొడుగులు చేయుదురు. ఆ నృత్యమును 2010లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. జపాను దేశమున ఫిబ్రవరి మొదట వచ్చు సెత్సుబున్ పండుగకు శిశుపాఠశాలల పిల్లలు కాగితముతో భూతపు ముఖములు చేసి, వానిమీదికి వేయించిన సోయాగింజలు చల్లి కీడును తరుముదురు.

రంగుల విషయము

ఇంటిముందు దొరకు రంగులే సురక్షితములు. పసుపునకు వంటింటి పసుపు, నలుపునకు మెత్తగా నూరిన బొగ్గు, ఎఱుపునకు జాజు, తెలుపునకు సుద్ద, ఆకుపచ్చకు చిక్కుడాకు పసరు ఉపయోగించవచ్చును. వీనిని తుమ్మబంక నీటితో కలిపినచో చేతికి అంటకుండ నిలుచును. సున్నము మాత్రము పిల్లల దరికి రానీయకూడదు. అది కన్నులలో పడినచో చూపునకే మోసము. పుస్తకముల బైండింగువారు పురుగు పట్టకుండుటకై జిగురులో కలుపు మైలుతుత్తము విషము. దానిని వాడరాదు. జిగురును ఏ పూటకాపూట కాచుకొనుటయే మంచిది.

తలుపులకు కిటికీలకు వేయగా మిగిలిన రంగుడబ్బాను తెచ్చి పిల్లలకిచ్చుట కొన్నిచోట్ల జరుగుచున్నది. పాతరంగులలో సీసము అధికముగా నుండవచ్చును. సీసము పిల్లల మెదడునకు హాని చేయును. అందుచేతనే 2016 నాటి నిబంధనలు ఇండ్లకు వాడు రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదని కట్టడి చేసినవి. ఆ నిబంధనలు 2017 నవంబరులో అమలునకు వచ్చినవి. అంతకు పూర్వపు డబ్బాలను పిల్లల పనికి వాడనే కూడదు. అచ్చుసిరా అంటిన చేతులతో అన్నము తినకుండ, పని ముగియగానే సబ్బుతో చేతులు కడిగించుట నియమముగా పెట్టవలెను.

అడవి అంచు గ్రామములకు ముఖ్యవిషయము

పలమనేరు, కుప్పం ప్రాంతములలో ఏనుగులు పొలములలోనికి వచ్చుట సభ్యులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1980 దశకమున పొరుగు రాష్ట్రముల అడవులనుండి ఏనుగులు ఈ వైపునకు రాసాగెను. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. నాటినుండి పంటలేగాక మనుష్యుల ప్రాణములును, ఏనుగుల ప్రాణములును పోవుచున్నవి. 2025లో కర్ణాటకమునుండి శిక్షణపొందిన కుంకీ ఏనుగులను మన రాష్ట్రము తెచ్చుకొనినది. శేషాచలపు అడవులలో చిరుతలు కలవు. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటన చిరుత వాతబడి ఆరేండ్ల బాలిక మరణించుట రాష్ట్రమంతటను కలచివేసినది.

ఇట్టి గ్రామములలో పిల్లలకు జంతువులను గూర్చి రెండే రెండు సంగతులు చెవిని బడుచున్నవి. ఒకటి భయము, రెండవది వేడుక. భయపడిన బిడ్డ పరుగెత్తును. వేడుకపడిన బిడ్డ దగ్గరకు పోవును. రెండును ప్రమాదములే. కావలసినది తెలివి. ముఖపు తొడుగుల ఆట ఇచ్చట అక్కరకు వచ్చును. ఒక పిల్లవాడు ఏనుగు ముఖమును తొడిగికొని చెఱకుతోటకు వచ్చినట్లు నటించును. మిగిలినవారు ఏమి చేయవలెను? రాయి విసరరాదు. కేకలు వేయుచు వెంబడింపరాదు. ఫోనుతో పటము తీయుటకు దగ్గరకు పోరాదు. ఏనుగునకును దాని పిల్లకును నడుమ పోరాదు. దూరముగా తొలగి, వెంటనే పెద్దలకు చెప్పవలెను. పెద్దలు అటవీశాఖవారికి కబురు పంపవలెను.

చిరుత ముఖముతో మరియొక ఆట ఆడింపవచ్చును. చీకటి పడువేళ ఒంటరిగా బయటికి పోరాదు. గుంపుగా, మాటాడుకొనుచు నడువవలెను. చిన్నవారు పెద్దల నడుమ నుండవలెను. చిరుత కంటబడినచో వంగరాదు, కూర్చుండరాదు, వీపు త్రిప్పి పరుగెత్తరాదు. దానివైపు చూచుచునే మెల్లగా వెనుకకు జరుగవలెను. ఈ మాటలను నల్లబల్లమీద వ్రాసినచో మరునాటికి మఱచిపోవుదురు. నాలుగుమార్లు ఆడినచో కాళ్ళకే జ్ఞాపకముండును.

బెంగాలులోని సుందరవనములలో 1986 ప్రాంతమున అడవికి పోవు కూలీలు తలవెనుక మనుష్య ముఖపు తొడుగులు కట్టుకొనిరి. పులి వెనుకనుండి మీద పడు నలవాటు గలది గావున, ముఖము కనబడినచో వెనుదీయునని వారి ఆలోచన. అది కొంతకాలము మేలు చేసినది. అయితే మన పిల్లలు చేయు తొడుగు ఏ మృగమునుండియు కాపాడునది కాదని వారికి స్పష్టముగా చెప్పవలెను. కాపాడునది ఆటలో నేర్చిన నడవడియే.

అడవి లేని గ్రామములకు వేరు ప్రాణులు కలవు. 2022 ఏప్రిలులో ఏర్పడిన తిరుపతి జిల్లాలో సూళ్ళూరుపేట ప్రాంతము చేరినది. అచ్చటి నేలపట్టునకు గూడబాతులు గూళ్ళు కట్టుటకు వచ్చును. ప్రక్కనే పులికాట్ సరస్సునకు రాజహంసలు వచ్చును. ఆ గ్రామముల పిల్లలు పొడవు ముక్కు, ముక్కు క్రింది సంచి గల గూడబాతు ముఖమును చేసినచో, ఆ పక్షి చేపలను పట్టు విధమును తామే అడిగి తెలిసికొందురు.

పంచాయతీ చేయదగిన పనులు

73వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చినది. దానిచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో ప్రాథమిక విద్య, సాంస్కృతిక కార్యక్రమములు, స్త్రీ శిశు సంక్షేమము కలవు. కావున ఇది పంచాయతీ పరిధిలోని పనియే. మేము సూచించునవి యివి.

ఒకటి. పంచాయతీ కార్యాలయమునందును పాఠశాలయందును ఒక్కొక్క పెట్టె నుంచి, శుభ్రమైన పాత కాగితమును, అట్టను గ్రామస్థులు అందులో వేయునట్లు చాటింపు వేయించవలెను. కాగితము చెత్తకుప్పకు పోకుండుట పారిశుద్ధ్యమునకును మేలు.

రెండు. నెలకొక పూట, ప్రధానోపాధ్యాయుని, అంగన్‌వాడీ కార్యకర్తను సంప్రదించి, ఈ పనికి కేటాయింపవలెను. మైదాపిండి, దారము, మొనలేని కత్తెరలు, సబ్బు, ఇంతే ఖర్చు.

మూడు. గుజ్జు తెలిసిన అవ్వను, మట్టిపని తెలిసిన కుమ్మరిని, వేషము కట్టు కళాకారుని పిలిపింపవలెను. వారికి సభలో గౌరవము చేయవలెను. వీలైనచో ఆ పూటకు కూలి కూడ ఇప్పింపవలెను. విద్యను ఉచితముగా తీసికొనుట అలవాటు చేసికొనరాదు.

నాలుగు. అడవి అంచు గ్రామములలో ఆ పూటకు అటవీశాఖ సిబ్బందిని ఆహ్వానించి, ఆటలో చెప్పు జాగ్రత్తలు సరియైనవేనా యని వారిచే సరిచూపింపవలెను.

అయిదు. కనుమకు గాని, బాలల దినోత్సవమగు నవంబరు 14న గాని పిల్లలు తమ తొడుగులతో గ్రామసభ యెదుట చిన్న నాటకమాడునట్లు ఏర్పాటు చేయవలెను. బహుమతి ఒక్కనికే ఇచ్చి తక్కినవారిని చిన్నబుచ్చరాదు. ఆడపిల్లలు, అంగవైకల్యము గల పిల్లలు వెనుక వరుసకు పోకుండ సభ్యులే చూడవలెను.

బజారున ప్లాస్టిక్ పులిముఖము కొన్ని రూపాయలకే దొరకును. దానిని తొడిగికొన్న బిడ్డ ఆ సాయంత్రమునకు పులి యగును. తానే కొలిచి, కత్తిరించి, అతికి, రంగు వేసిన బిడ్డకు పులి యేది, చిరుత యేది, తాను ఎంత దూరమున నిలువవలెనో జన్మమంతయు తెలియును. రోడ్డు వేయుటకు, బోరు త్రవ్వుటకు పంచాయతీ నిధులకై ఎదురుచూడవలసి యుండును. ఈ పనికి ఎదురుచూడవలసిన దేమియు లేదు. వచ్చు పంచాయతీ సమావేశమున దీనిని ఒక అంశముగా చేర్చి, ఒక దినమును నిర్ణయింపుడని సభ్యులను కోరుచున్నాము.